పెద్దాయన ఫిడేలు నిదానం

నేను ఐదో తరగతి దాకా చదివాను. అదీ కార్వేటినగరంలో, బడి మా ఇంటికి ఎదురుగా ఉండబట్టి. సంగీతం నాకు ఎవరూ నేర్పలేదు. అయినా తిరుపతిలో మా వీధిలో ఫిడేలు గురించి నాతో వాదానికి దిగి గెలిచినవాళ్ళు లేరు. వాళ్ళకు తెలియక కాదు, నేను ఊరుకోను గనుక అని మా అబ్బాయి అంటాడు.

కచేరీలకు పోవడం పెళ్ళయిన కొత్తలో అలవాటయింది. తిరుచానూరులో ఉత్సవాలప్పుడు సాయంత్రం పందిట్లో కచేరీ పెడతారు. టికెట్టు ఉండదు. పందిట్లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఇంట్లో మన ఫ్యాను ఆగి ఉంటుంది. అయిపోయాక ప్రసాదం పెడతారు. ఇన్ని లాభాలున్న చోట కూర్చుని చెవులు మూసుకోవడం ఎందుకని వినడం మొదలుపెట్టాను. పాడేవాళ్ళ మాటలు నాకు సగం అర్థమయ్యేవి కావు. ఫిడేలుకు మాటలు లేవు కాబట్టి అది మొత్తం అర్థమైంది.

వినగా వినగా ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క రకమని తెలిసింది. ఒకావిడ వచ్చేది. పలచటి మనిషి, కొంగు నడుముకు బిగించి కూర్చునేది. ఫిడేలు తల కాలి చీలమండ మీద ఆనించి కమాను లాగిందంటే, ముగ్గు బాగా వచ్చినవాళ్ళ వేళ్ళ సందున పిండి జారినట్టు జారేది శబ్దం. ఎక్కడా లావు కాదు, ఎక్కడా తెగదు. ఒకరోజు పాడే పెద్దమనిషి మధ్యలో దారి తప్పాడు. ఈవిడ ఆయన ముఖం వైపు చూడను కూడా చూడలేదు. ఆయన వదిలేసిన స్వరాన్నే సన్నగా పట్టుకుని నిలబడింది. అత్తగారు తాళంచెవి ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంటుంటే, కోడలు ఏమీ ఎరగనట్టు ఆ గూటి దగ్గరే నిలబడి దీపం సర్దినట్టు. ఆయనకు దారి దొరికింది. పందిట్లో ఎవరికీ తెలియలేదు. పక్కవాద్యం అంటే కోడలుతనమని ఆ రోజు నాకు అర్థమైంది. అత్త కంటే ఎక్కువ తెలిసుండాలి, తెలిసినట్టు కనబడకూడదు.

ఈ మాట మా కోడలికి చాలాసార్లు చెప్పాను. "ఆమెకు కచేరీ అయినాక ఇంటికి పోయేదానికుండాది గదత్తా. నాకు కచేరీ అయ్యేదే లేదు" అంది.

ఇంకో కుర్రవాడు ఫిడేలుకు మైకు అతికించుకుని వచ్చేవాడు. ఎండబెట్టిన వడియాల మీద కాకులు వాలినట్టు స్వరాల మీద పడేవాడు. వేగం ఉంది, ఒప్పుకుంటాను. కానీ తినేవాడి ఆకలి కనబడింది తప్ప వంట రుచి తెలియలేదు. చప్పట్లు మాత్రం అతనికే ఎక్కువ పడ్డాయి. నేను కొట్టలేదు. చేతులు ఊరికే వచ్చాయా?

వీళ్ళందరూ ఒక ఎత్తు, మా పెద్దాయన ఒక్కడూ ఒక ఎత్తు. ఆయనను నేను కళ్ళతో చూడలేదు. నేను వినేనాటికే ఆయన కాలం చేశారు. మా ఇంటాయన బతికి ఉండగా, కువైటు నుంచి వచ్చిన పక్కింటతను తన పాత టేప్‌రికార్డరు మాకు ఇచ్చి, దాంతో పాటు ఒక క్యాసెట్టు కూడా ఇచ్చాడు. క్యాసెట్టు అట్ట మీద విభూతి పెట్టుకున్న ముసలాయన ఫొటో, కింద పేరు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంట్లో అదొక్కటే క్యాసెట్టు. ఒకటి బాగుండగా రెండోది దేనికి?

టేప్‌రికార్డరు కరెంటు తీగను మొదటి ఏడే ఎలుక కొరికేసింది. సెల్లులతో పాడుతుంది కదా అని కొత్త తీగ కొననివ్వలేదు. సెల్లులు కాస్త నీరసించగానే పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మిద్దె మీద వడియాల పక్కన ఒక పూట ఎండబెడితే మళ్ళీ లేస్తాయి. ఎండబెట్టడం అందరికీ తెలుసు. గంటకోసారి దొర్లించి అన్ని పక్కలా సమంగా కాగేట్టు చూడడం కొందరికే తెలుసు. నాలుగు సెల్లులను ఏడాది దాటించినదాన్ని నేను.

పెద్దాయన గొప్పతనమంతా ఆయన నిదానంలో ఉంది. కీర్తన చురుగ్గానే ఎత్తుకుంటాడు. పోను పోను లోతుకు దిగుతాడు. అనుపల్లవికి వచ్చేసరికి ఎద్దులబండి ఏటి ఇసుకలో దిగినట్టుంటుంది. చరణంలో గుడి ఏనుగు నడక. శబ్దం కూడా మారిపోయి, గంగాళంలో తలపెట్టి మాట్లాడినట్టు బొంగురుగా వస్తుంది. ఒక్కోరోజు చరణం చివర ఆయన ఒక్క స్వరం లాగి ముగించేలోపు నేను చేటలో బియ్యానికి రాళ్ళు ఏరేసేదాన్ని. అంత పట్టు ఇప్పటివాళ్ళ మోచేతిలో ఎక్కడుంది? ఇంకో వింత ఏమిటంటే, ఆయన ఏ రెండు రోజులూ ఒకేలా వాయించడు. సోమవారం హుషారుగా ఉంటాడు. శుక్రవారానికి వైరాగ్యం వచ్చేస్తుంది. ఒకే క్యాసెట్టులో ఇన్ని రకాలుగా వాయించగలవాడు ఈయనొక్కడే అని అందరికీ చెప్పేదాన్ని. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పింది మా వియ్యపురాలు ఒక్కతే. కోడలి తల్లి, నగరి మనిషి. ఆమెకు మద్రాసాయన ఒకడు దేవుడు. ఆయన ఫిడేలు నేనూ రేడియోలో విన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే నడక, ఒక్క పోగు అటూ ఇటూ జరగదు. నాకు కుట్టుమిషను గుర్తొచ్చేది.

"వదినా, మీ పెద్దాయన వాయిస్తా వాయిస్తా నిద్రపోతా ఉండాడు, లేపండి" అనేది ఆమె.

"నిద్ర గాదు, లోతు. నీ మద్రాసాయనకు లోతు యాడుండాది? కింద గుడ్డ లేకపోయినా మిషను తొక్కతానే ఉంటాడు."

"తొక్కితే కుట్టన్నా పడతాది. మీ ఆయన సూది గుచ్చినాడు గానీ ఇంగా బయటికే తీయలే."

ఇలా ఏళ్ళ తరబడి నడిచింది. ఎవరికీ నష్టం లేదు. నష్టం ఉందని మా మనవరాలు పదో తరగతి ముగించినప్పుడు తెలిసింది.

పిల్లకు ఆరేళ్ళ నుంచి ఫిడేలు చెప్పిస్తున్నాం. పదయ్యాక సంగీత కాలేజీలో చేరతానంది. మా అబ్బాయి ఏర్పేడు వైపు కాలేజీ బస్సు నడుపుతాడు. ఇంజినీరింగు పిల్లలను రోజూ అద్దంలో చూసి చూసి వాడికి ఒకటే ఆలోచన.

"సూడుమా, సంగీత కాలేజీ పరీక్షలో సీటొస్తే సరే. రాకపోతే పాలిటెక్నిక్. ఫిడేలు అటక మీదికి పోతాది. ఒకే తూరి, రెండో తూరి లేదు" అన్నాడు పిల్లతో.

పిల్ల పోయి ఫిడేలు పెట్టె తెరిచి, దుమ్ము లేకపోయినా తుడుచుకుంటూ కూర్చుంది. అటక మీద వస్తువులు ఏమవుతాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను దేన్నీ పారేయను, కిందికీ దించను.

పిల్ల వాయింపులో నా చెయ్యి కూడా ఉంది. రోజూ బడి నుంచి రాగానే పెద్దాయన క్యాసెట్టు పెట్టి, దాంతో పాటు వాయించమనేదాన్ని. నెలనెలా డబ్బు తీసుకునే అయ్యవారి కంటే ఊరికే చెప్పే పెద్దాయన మేలు కదా. అయ్యవారు మెత్తటి మనిషి. పరీక్ష దగ్గర పడ్డాక ఒకరోజు ఇంటికి వచ్చాడు.

"అమ్మా, పాపకు చెయ్యి బాగుండాది. ఒకటే రోగం. తిరుపతిలో బాగానే బయలుదేరతాది. చరణానికొచ్చేసరికి రేణిగుంట బయట సిగ్నలు పడక నిలిచిపోయిన రైలు మాదిరి అయిపోతాది. తాళం చాలదు."

"అది తాళం చాలకపోవడం గాదు అయ్యోరా, లోతు" అన్నాను.

ఆయన నా ముఖం చూసి ఆ మాట అక్కడే వదిలేశాడు. "ఇంకోటుండాది. నేను రోజూ తీగలు శ్రుతి చేసి పంపిస్తా ఉండాను. మర్నాటికి కిందికి జారి ఉంటాయి. బిరడలు నిలవడం లేదు" అని, తీగలు బిగించే ఆ బిరడలన్నింటినీ ఊడదీసి సుద్దముక్క రాసి మళ్ళీ బిగించాడు. సుద్ద రాస్తే జారవట.

బిరడలు జారడం లేదని నాకూ పిల్లకూ తెలుసు. పెద్దాయన శ్రుతి అయ్యవారి శ్రుతి కంటే కిందుగా ఉంటుంది. ఆయనతో కలిపి వాయించాలంటే పిల్ల ఇంట్లో తీగలు వదులు చేసుకోవాలి. శుక్రవారానికి ఇంకాస్త వదులు చేసుకోవాలి. అయ్యవారిది బడి శ్రుతి, మనది పెద్దాయన శ్రుతి అని నేనే సర్దిచెప్పాను. పాపం ఆయనతో అనలేదు. గురువు మనసు నొప్పించకూడదు.

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా వియ్యపురాలు నగరి నుంచి దిగింది, మనవరాలికి తోడుగా ఉంటానని. ఆ సాయంత్రం పిల్ల క్యాసెట్టు పెట్టుకుని వరండాలో వాయిస్తోంది. సెల్లులు ఎండబెట్టి నాలుగు రోజులయింది. పెద్దాయన మంచి వైరాగ్యంలో ఉన్నాడు. చరణం దగ్గర ఒక స్వరం పట్టుకుని మూలిగాడు. వియ్యపురాలు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"వదినా, ఇది ఫిడేలా, ఎనుము ఈనతా ఉండాదా?"

"నీకేం తెలుసు? లోతు."

"లోతో బాయో ఇప్పుడే తేలిపోతాది. పాపా, ఫోన్లో ఈయన పేరు కొట్టు. నిజంగా ఎట్ల వాయించినాడో ఇందాం."

ఫోన్లో నెట్టు చదువుకు తప్ప దేనికీ వాడకూడదని మా ఇంట్లో నేను పెట్టిన నియమం. నియమాలు వియ్యపురాలికి వర్తించవు. పిల్ల అట్ట మీది పేరు కొట్టింది. అదే ఫొటో వచ్చింది, అదే విభూతి, అదే కీర్తన. ఫిడేలు మాత్రం వేరు. సన్నగా, పైశ్రుతిలో, తళతళలాడుతూ మొదలైంది.

"ఈయన గాదు. ఆయన పేరు పెట్టుకోని ఎవురో పొట్ట పోసుకుంటా ఉండాడు" అన్నాను.

ఫిడేలు అనుపల్లవి దాటింది, తగ్గలేదు. చరణం వచ్చింది. నేను ఏనుగు కోసం ఎదురుచూశాను. రాలేదు. మద్రాసాయనలాగే చివరి దాకా ఒకే నడకలో పోయి ఆగింది.

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల నవ్వలేదు. టేప్‌రికార్డరు వెనక మూత తీసి, సెల్లులు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది.

"అవ్వా, ఇవి ఎప్పటివి?"

"పోయిన దసరాకు ముందరివి. ఇంగా బాగుండాయి."

పిల్ల వాళ్ళ అమ్మమ్మ దగ్గర డబ్బు తీసుకుని వీధి చివరి అంగడికి పరుగెత్తి నాలుగు కొత్త సెల్లులు తెచ్చింది. వేసి మీట నొక్కింది. నా క్యాసెట్టు, నా టేప్‌రికార్డరు, ఫోన్లో ఉన్నాయన ఫిడేలు.

ముప్పై ఏళ్ళు నేను మెచ్చుకున్నది సెల్లుల నీరసాన్ని. సోమవారపు హుషారు ఆదివారం ఎండది. వైరాగ్యం ఎవరిదో చెప్పక్కరలేదు.

వియ్యపురాలు ఇక ఎత్తిపొడుస్తుందని కాచుకున్నాను. ఆమె మెల్లగా నా పక్కన కూర్చుంది. "పోనీలే వదినా. మీ చేతిలో పడినాక ఎవురైనా నిదానంగానే పోవాల" అంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

క్యాసెట్టు మళ్ళీ పెట్టించి విన్నాను. తప్పు ఒప్పుకోవడం వేరు, మంచిదాన్ని మంచిదనడం వేరు. రెండోది నాకు చేతనవుతుంది. నిజం పెద్దాయన మద్రాసాయన కంటే కూడా వేగం. కానీ కుట్టుమిషను కాదు, మగ్గం. పోగు మోసే నాడె అటూ ఇటూ కంటికి కనబడనంత జోరుగా పోతుంటుంది, గుడ్డ మాత్రం తొందర లేకుండా వేలెడు వేలెడే పెరుగుతుంది. ఆ మాటే పైకి అన్నాను. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టిన మనిషి కదా, వియ్యపురాలు వెంటనే తలూపింది. మేమిద్దరం ఒక ఫిడేలు మీద ఒకే మాట అనుకోవడం అదే మొదలు.

"మీరిద్దురూ బాగానే ఉండారు" అంది పిల్ల. మీట నొక్కి క్యాసెట్టు ఆపేసింది. "నేనిప్పుడు ఏం వాయించాల? చరణం వచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే నిదానమైపోతాది. ఆరు రోజులే ఉండాది అవ్వా. నాయన ఫిడేలు అటక మీద పెట్టేస్తాడు."

తప్పయిందని చెప్పే అలవాటు నాకు లేదు. "లెయ్. తీగలు బిగించు" అన్నాను.

ఆ ఆరు రోజులు మా ఇంట్లో ఎవరూ కూర్చుని తినలేదు. వియ్యపురాలు తొడ మీద తాళం వేసేది. నేను గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడేదాన్ని. పిల్ల చెయ్యి కాస్త బరువెక్కిందంటే గడప మీద ఠంగుమని ఒక్కటి. పాల అతను రెండు రోజులు బయటి నుంచే పాలు పెట్టి పోయాడు. అయ్యవారికి నేనే పోయి జరిగింది చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"అమ్మా, ఆ బిరడలకు నేను మూడు సుద్దముక్కలు అరగదీసినాను" అన్నాడు.

నాలుగో రోజుకు పల్లవీ అనుపల్లవీ నిలబడ్డాయి. చరణం ఒక పూట నిలబడేది, ఒక పూట దిగేది. ఐదో రోజూ అంతే. ఆరో రోజు పిల్ల నా గరిటె తీసి వంటింట్లో పెట్టేసింది. "సాలవ్వా. ఇంగ వచ్చేదైతే వస్తాది" అంది.

పరీక్ష రోజు కాలేజీ వరండాలో బెంచీ మీద నేనూ వియ్యపురాలూ కూర్చున్నాం. పిల్లను లోపలికి పిలిచి తలుపు వేశారు. లోపల ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. కీర్తన ఎత్తుకుంది. నా చేతులు ఊరుకోలేదు. బెంచీ మీద తాళం వేస్తుంటే అక్కడి అటెండరు వచ్చాడు.

"అవ్వా, ఆపు. లోపలికి ఇనపడతా ఉండాది."

"ఇనపడాలనే ఏస్తా ఉండా."

"పరీక్ష నీకా, పాపకా?"

వియ్యపురాలు నా రెండు చేతులూ తన చేతుల్లోకి లాక్కుని ఒళ్ళో అదిమి పట్టింది. అనుపల్లవి అయింది. చరణం మొదలైంది. ఇక్కడే దిగుతుంది, ఇక్కడే దిగుతుంది అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. ఒక ఆవర్తనం నిలబడింది. రెండోదీ నిలబడింది. నా మణికట్టు మీద ఏదో గుచ్చుకుంటోంది. చూస్తే, తాళం ఆపమని నా చేతులు పట్టుకున్న మనిషి నా మణికట్టు మీద తన గోళ్ళతో తాళం వేస్తోంది. చరణం చివరిదాకా ఎక్కడా దిగకుండా పోయింది.

తరువాత రాగం వాయించమన్నారు. ఆలాపనకు తాళం ఉండదు. పిల్ల తోడి ఎత్తుకుంది. కాసేపు పైన తిరిగి, అన్నిటికంటే లావు తీగ మీదికి దిగింది. దిగి నిదానమైంది. ఇంకా నిదానమైంది. ఒక స్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. శుక్రవారం సాయంత్రపు పెద్దాయనే లోపల కూర్చున్నట్టుంది.

"అయిపోయింది" అన్నాను. "చెయ్యి పాత దారి పట్టింది."

ఫిడేలు ఆగింది. లోపల ఎవరో ఏదో అడిగారు. పిల్ల గొంతు వినబడింది. ఆ తర్వాత నవ్వులు. ఒకరు కాదు, ముగ్గురూ నవ్వుతున్నారు. ఆగి ఆగి నవ్వుతున్నారు.

వియ్యపురాలు లేచి నిలబడింది. "పిల్లను పిలిచి నవ్వతారా? వీళ్ళ నోట్లో మన్ను పడా" అని తలుపు వైపు నడిచింది. అటెండరు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. అంతలో తలుపు తెరుచుకుంది. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఏమన్నారు?" అన్నాం ఇద్దరం.

"చేరమన్నారు."

బెంచీ మీద కూర్చుండిపోయాను. పిల్ల చెప్పింది. "కీర్తన బాగా నిలబెట్టినావు అన్నారవ్వా. కిందితీగ మీద ఇంత ఓపిక ఈ వయసులో యాడ నేర్చుకుంటివి, ఇది ఏ బాణీ అని అడిగినారు. నాకు అబద్ధం రాలే. మా అవ్వ సెల్లులు ఎండబెడతాది సార్ అని మొత్తం చెప్పేసినా."

"మొత్తమా?"

"వడియాలతో సహా. కీర్తనలో ఎప్పుడూ అట్ల సేయొద్దు, ఆలాపనలో మాత్రం అది పోగొట్టుకోవద్దు అన్నారు."

నేను కొంగు సర్దుకున్నాను. వియ్యపురాలి వైపు చూసి, ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేనప్పుడు మాటలు ఖర్చుపెట్టను.

"ఒకటుండాది అవ్వా. పెద్ద సారు ఆ టేప్‌రికార్డరు ఇనాలంట. చేరే రోజు తీసకరమ్మన్నాడు. కొత్త సెల్లులు ఏయొద్దు, ఆ పాతవాటితోనే తీసకరా అన్నాడు."

నేను వియ్యపురాలి వైపు తిరిగాను. ఆమె వరండా పైకప్పు చూస్తోంది.

"వదినా, పాత సెల్లులు యాడ పెట్టినావు?"

"చెత్త బండిలో ఏసేసినా. ఆ పొద్దే. లేకపోతే మీరు మళ్ళా ఎండబెడతారని."

చేరే రోజుకు ఇంకా కొంత వ్యవధి ఉంది. ఇంట్లో ఉన్నవి కొత్త సెల్లులు. వాటిని అప్పటిలోగా అరగదీయాలి. అందుకని ఆ మర్నాటి నుంచి టేప్‌రికార్డరు పొద్దున కాఫీ వేళ మొదలుపెట్టి పగలంతా పాడుతూనే ఉంది. వినేవాళ్ళు ఉన్నా లేకపోయినా పాడుతోంది. నేను అంగడికి పోయినా పాడుతోంది. నా ఇంట్లో, నా చేతులతో ఇంత దండగ జరుగుతుందని ఎన్నడూ అనుకోలేదు. మా అబ్బాయి బస్సు పెట్టి ఇంటికి రాగానే అడుగుతున్నాడు.

"మా, అరిగినాయా?"

"యాడ! ఈ కాలం సెల్లులకు సావు లేదు."

వియ్యపురాలు నగరి నుంచి ఫోను చేసి అదే అడుగుతోంది. ఎవరికీ వేరే పని లేదు.

ఈ రోజు మధ్యాహ్నం చరణం దగ్గర పెద్దాయన ఫిడేలు ఒక్క క్షణం బరువెక్కింది. పిల్ల వంటింట్లో నుంచి "అవ్వా, దిగింది!" అని అరుస్తూ వచ్చింది. నిజమే, దిగింది. మిద్దె మీద మంచి ఎండ కాస్తోంది. సెల్లులను అక్కడికి తీసుకుపోకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టంగా ఉంది.